అత్త తోమిన సీసా

మా అత్త కన్నియమ్మ శుభ్రం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తోమిన చెంబును మళ్లీ తోమించేది. ఇంటి వెనక బావి మామయ్య తవ్వించినది. ఆయన పోయాక, తిరుత్తణిలో మా నేతవీధికంతటికీ ఆ నీళ్లు తోడి పోయడమే ఆమె పని, ఆమె సంతోషం.

డెబ్భై తొమ్మిదిలో బావి పక్క వరిమడికి పురుగుమందు కొట్టారు. ఆ వారమే వీధిలో ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. నీళ్లలోకి మందు దిగిందేమో చూద్దామని తిరువళ్లూరు ఆఫీసు నుంచి దండపాణి అనే ఆయన వచ్చాడు. గాజుసీసా ఒకటి ఇచ్చాడు.

"దీన్ని కడగొద్దమ్మా. రేప్పొద్దున నిండా నీళ్లు పట్టి మీ కొడుకుతో పంపించండి."

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, అత్త సీసాను వాసన చూసింది.

"ఆస్పత్రి కంపు కొడతా ఉండాది. దీంట్లోనా మా బావి నీళ్లు పంపేది?"

కడగొద్దన్నాడు కాబట్టి కడగలేదు, అంత మాటకు కట్టుబడే మనిషి! దాన్ని గూట్లో పెట్టేసింది. మా తలనూనె సీసా ఖాళీ చేసి, చింతపండు, బూడిద వేసి మూడుసార్లు తోమి, అందులో నీళ్లు పట్టి మా ఆయన సంచిలో పెట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆమెతో వాదించి గెలిచినవాళ్లెవరు?

పది రోజులకు దండపాణి వచ్చి బావిమీద ముళ్లకంప వేయించాడు. నీళ్లలో మందు బాగా ఉందట. అత్త అరుగుమీద కూలబడింది.

"ఈ చేత్తోనే వీధికంతా విషం పోసినానా, కమలా?"

నా కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చింది. "ఆ నీళ్లు మీ సీసాలో పంపలేదయ్యా, మా తలనూనె సీసాలో పంపినాము" అని చెప్పేశాను.

"ఆ సీసా మీకు యాడ దొరికింది?" అడిగాడు దండపాణి.

అత్తే చెప్పింది. "పక్క మడి రాజమాణిక్యం పురుగుమందు కొట్టి, ఖాళీ సీసా పారేసినాడు. మూత గట్టిగా ఉండాదని పోయినేడు తెచ్చినా. బాగా తోమి, వారం ఎండబెట్టినా."

"ఎంత తోమినా ఆ మందు పోదమ్మా" అన్నాడు దండపాణి. ఈసారి తన సీసాలో తానే నీళ్లు పట్టుకుని వెళ్లాడు.

తర్వాతి వారం బావి మంచిదేనని కాగితం వచ్చింది. కానీ సీసా సంగతి బయటపడిన ఆ మధ్యాహ్నం, దండపాణి గడప దాటాక, అత్త బావి ఊసే ఎత్తలేదు. నన్ను పీటమీద కూర్చోబెట్టి జడ విప్పింది. ఏడాదిగా ప్రతి శుక్రవారం ఆ సీసాలో నూనే నా తలకు పట్టించింది ఆమె. శీకాయ వేసి రుద్దింది. నీళ్లు పోసి మళ్లీ రుద్దింది.

"చాలత్తా, నెత్తి మండతా ఉండాది."

"ఇంకొక్కసారి, తల్లీ."

ఆ ఒక్కరోజు నేను విసుక్కోలేదు. తల ఇంకాస్త వంచాను.