అద్దకపు ఇంటి ఉప్పు

కరోనా రెండో ఉధృతి తగ్గిన మరుసటి ఏడాది నన్ను షోలాపూర్‌లోని ఒక ధర్మాసుపత్రి అత్యవసర విభాగానికి సీనియర్ ఫిజీషియన్‌గా వేశారు. ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగ్ అదే. అప్పటికి ఊరంతా ఆక్సిజన్ నిపుణులే. వేలికి క్లిప్పు తగిలించుకుని, అంకె చూసి, జబ్బేమిటో నాకే చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒక వేసవి మధ్యాహ్నం, తెలుగు నేతపనివాళ్ళుండే జోడ్‌భావి పేట్ నుంచి నర్సయ్యను ఆటోలో తెచ్చారు. ఇంటి వెనక షెడ్డులో నూలుకు రంగులద్దే మనిషి. వెంట భార్య బాలవ్వ, కొత్త కోడలు రేణుక. భోజనం చేసి లేవగానే తల తిరిగిందట, ఆయాసమట. పెదవులూ గోళ్ళూ నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరితిత్తుల్లో ఏ దోషమూ వినిపించలేదు, గుండె కూడా బాగానే ఉంది. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎంత ఇచ్చినా క్లిప్పులో అంకె ఎనభై అయిదు దాటలేదు.

బాలవ్వ వార్డులోనే కోడలి మీద విరుచుకుపడింది. "గీమె చేతి మజ్జిగ తాగినంకనే గిట్లయిండు డాక్టరమ్మా! ఏం కలిపిందో ఏమో. పోలీసోల్లను పిలువుర్రి!"

రేణుక గోడకు ఆనుకుని నిలబడింది.

పరీక్షకు రక్తం తీయిస్తే సిరంజిలోకి చాక్లెట్ రంగు రక్తం వచ్చింది. ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి గాలి తగలనిచ్చాను. మామూలు రక్తమైతే ఎర్రబడాలి. ఇది అలాగే ఉండిపోయింది.

రక్తంలోని ఇనుము ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అవయవాల దగ్గర వదులుతుంది. పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే. కొన్ని రసాయనాలు సోకితే ఆ ఇనుములో కొంత మారిపోయి పట్టుకోవడం మానేస్తుంది. మిగిలిన మంచి ఇనుమేమో పట్టుకున్నదాన్ని వదలనంటుంది. ఇక సిలిండర్లు ఎన్ని ఖాళీ చేసినా మనిషి ఉక్కిరిబిక్కిరి అవుతూనే ఉంటాడు.

అలాంటిదేదో మజ్జిగతోనే లోపలికి వెళ్ళి ఉండాలనిపించి, అందులో వేసిన ఉప్పు ఎక్కడిదని అడిగాను. ఆ ఇంట్లో వంటకు ఉప్పు విడిగా కొనరు. రంగునీళ్ళలో వేయడానికి తెచ్చుకున్న బస్తాలోంచే ఒక గిన్నెడు వంటింటికి వస్తుంది.

"పొద్దుగాల షెడ్ల సంచిలకెల్లి నేనే తెచ్చిన," అంది బాలవ్వ.

అదే షెడ్డులో, కొన్ని రంగులు తేలడానికి వాడే నైట్రైట్ సంచి కూడా ఉంటుంది. చూపుకు ఉప్పే, నాలుకకూ ఉప్పే, రక్తంలోని ఇనుముకు మాత్రం విషం. తెచ్చింది ఆ సంచిలోదే అయ్యుంటుందని చెప్పగానే బాలవ్వ ముఖం పాలిపోయింది.

దీనికి విరుగుడు మిథిలీన్ బ్లూ. ఇనుమును మళ్ళీ దారికి తెస్తుంది. నర్సు ముదురు నీలం మందు సిరంజిలోకి ఎక్కించడం చూసి బాలవ్వ భర్త చేతికి అడ్డం పడింది. "అరే దేవా! నూలుకు పెట్టే రంగు మనిషి నరంల ఎక్కిస్తరా? నేనొప్ప!"

నర్సయ్య మగతలోకి జారిపోతున్నాడు. నేను కేకలేశాను, బతిమాలాను. ఆమె కదల్లేదు.

అప్పుడు రేణుక ముందుకొచ్చి చెయ్యి చాపింది. "అత్తమ్మా, మిగిలిన మజ్జిగ నేను గూడ తాగిన. నాగ్గూడ తల తిరుగుతున్నది. నీకు భయమైతే ముందుగాల నాకే ఎక్కియ్యమను."

చూస్తే ఆ పిల్ల పెదవులూ అదే రంగు.

"ఇంతసేపు చెప్పవేమే!" అని అరిచాను.

"ముందు మామయ్యను చూస్తరని..." అంది.

బాలవ్వ చెయ్యి తీసేసింది. నర్సయ్య పరిస్థితి విషమం కనుక మందు ముందు అతనికే నెమ్మదిగా ఇచ్చి, ఆ వెంటనే రేణుకకు ఇచ్చాం. కొద్దిసేపట్లోనే ఇద్దరి పెదవులూ ఎర్రబడ్డాయి. బాలవ్వ కోడలి మంచం దగ్గర కూలబడి, "నా నోరు పడిపోను" అంటూ ఆ పిల్ల కాళ్ళు ఒత్తుతూ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మాస్కు పెట్టినంత మాత్రాన ఆక్సిజన్ శరీరానికి అందినట్టు కాదని చదువు నాకు ముందే నేర్పింది. రోగితోపాటు, అతన్ని తెచ్చినవాళ్ళ పెదవులూ చూడాలని మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను. అందరూ ఎవరిని నిందిస్తున్నారో, వాళ్ళవి ముందుగా చూడాలి.