దవాఖానలో కులం అడిగితే

శంషాబాద్‌లో మాది కిరాణా దుకాణం. పోయినేడు నన్ను అపెండిసైటిస్ ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు మత్తు డాక్టర్ వచ్చి, "మీరు వైశ్యులా అమ్మా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది సార్, దవాఖానల గూడ కులమేనా?"

ఆయన కోప్పడలేదు. "మీవాళ్లలో కొందరికి పుట్టుకతోనే, మేమిచ్చే ఒక మందు ప్రభావం తొందరగా దిగదమ్మా. గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మీ ఇంట్లో ఎవరికైనా అట్లా అయిందా?"

పక్కనున్న అమ్మ ముఖం పాలిపోయింది. "మా చిన్నోడు సార్! హెర్నియా ఆపరేషన్ అయినంక పొద్దుగూకే దాక లేవలే."

డాక్టర్ నాకు ఆ మందు మార్చారు. నేను వేళకే కళ్లు తెరిచాను. ఎదురుగా తమ్ముడు. ఆనాటి నిద్రను తలచుకుని వాణ్ణి నిద్రమొహమని ఏళ్లుగా ఏడిపించాం. ఆ నిద్రే నన్ను లేపింది.