వీరదుర్గ పెళ్లిలో పదకొండు సెకన్లు

ఏలూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఇనాయతుల్లా మొరాయించిన కంప్యూటర్లను ఎన్నిటినో దారికి తెచ్చాడు. ఈసారి మాత్రం తను ఎడిట్ చేసిపెట్టిన వీరదుర్గ పెళ్లి వీడియో తెరిస్తే తెరంతా ఎరుపే, అసలు ఫైళ్లు లేవట. డిస్కులన్నీ వెతికాడు. ముహూర్తాల హడావుడిలో కెమెరా కార్డులోంచే ఎడిట్ చేసి, కాపీ తీశాననుకుని, ఆ కార్డు చెరిపి ఇంకో పెళ్లికి వాడేశాడు.

ఆకివీడు నుంచి వచ్చిన వీరదుర్గ కుర్చీ అంచున కూర్చుంది. పెళ్లయిన పదో రోజే ఆమె తండ్రి పోయాడు.

“నాన్నగారు అక్షింతలు వేసిందైనా ఉందాండీ?”

“బొమ్మ పోయిందమ్మా. ఎడిటింగులో ఆ ముక్క పెట్టిన చోటు మిగిలింది, ఎంతసేపో మాత్రం తెలుస్తోంది. పదకొండు సెకన్లు.”

“అదే ఆడించండి.”

మీట నొక్కాడు. ఎర్రటి తెర ముందు ఆమె అక్షింతల కోసమన్నట్టు తల వంచింది. ఇనాయతుల్లా వేళ్లు కీబోర్డు మీదే ఉండిపోయాయి.