దిగి చూడకుండా రాసిన ఏటి కొలత

మా చిన్నప్పుడు... పొద్దున ఎనిమిదింటికి మా నాయన పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఏట్లోకి దిగేవాడు. అక్కడ అంకెలు వేసిన కొలత స్తంభం ఒకటి ఉండేది. నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని.

మాది కడప వైపు. ఏడాదిలో చాలా నెలలు మా ఏరంతా ఇసుకే... మధ్యలో మోకాలి లోతు పాయ ఒక్కటి. ఆ ఇసుకలోనే కర్బూజా పాదులు పెట్టేవాళ్ళు. పాయ బెత్తెడు పెరిగిందంటే ఎగువన వాన పడినట్టు. వెంటనే కాయలు కోసి ఒడ్డుకు చేర్చాలి. అందుకే నాయనను అడిగి గానీ ఎవరూ పనిలోకి దిగేవాళ్ళు కాదు.

ఒకసారి నాయనకు జ్వరమొచ్చింది. పదేళ్ళదాన్ని, నన్ను పంపాడు. "దిగి సూడు పాపా... ఒడ్డు మింద నిలబడి రాయొద్దు" అని మరీ మరీ చెప్పాడు.

నేనేం చేశాను? ఒడ్డున స్నేహితురాలితో అచ్చనగాయల ఆటలో పడ్డాను. నీళ్ళు కాస్త ఎర్రగా, ఎగువ నుంచి కొత్త నీరు కలిసినట్టు కనిపించాయి కూడా... అయినా కదల్లేదు. నిన్నటి అంకెనే మళ్ళీ రాసేశాను.

దారిలో లక్షుమ్మత్త ఎదురొచ్చింది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో ఆ పాదుల మీదే బతుకుతోంది.

"నీళ్ళెంతుండాయే పిల్లా? కాయలు ఈ పొద్దే కోసేద్దునా?"

"నిన్నటి మాదిరే ఉండాయత్తా. రేపు కోసుకో."

ఎంత ధీమాగా చెప్పానో!

మధ్యాహ్నానికి ఏరొచ్చింది. పాదులు, కాయలు, కాపలా గుడిసె... అన్నీ ఊడ్చిపెట్టుకుపోయింది. ఊళ్ళోవాళ్ళు నిలదీస్తే నాయన, "నా కూతురు దిగి సూసే రాసింది. నీళ్ళు ఆ తర్వాత వచ్చినాయి" అని గట్టిగా చెప్పాడు. నేను ఆయన వెనకాలే ఉన్నాను.

ఆ ఏడే లక్షుమ్మత్త పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ వచ్చేసింది, ఇళ్ళల్లో పనికి. పెద్దయ్యాక నాకు వీసా మాట్లాడి ఇక్కడికి పిలిపించిందీ ఆమే. ఇద్దరికీ జాబ్రియా అనే పేటలోనే పని... శుక్రవారాలు కలుస్తాం. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం.

మొన్న శుక్రవారం నా పళ్ళెంలో సంగటి ముద్ద వేస్తూ అంది... "మామా పిల్లోల్లకు తినిపిచ్చి తినిపిచ్చి నేనే పెద్ద చేసినా. నా బిడ్డలు ఎట్ల పెరిగినారో నాకు తెల్దు. ఆ పొద్దు ఏరు అట్ల రాకుంటే ఈడికి వచ్చేదాన్నా? అయినా మీ నాయన్ని ఏమంటాంలే. నువ్వు దిగి సూసే చెప్తివి గదా."

ఊఁ అన్నాను. సిగ్గులేకుండా ఊఁ అన్నాను.

ఇప్పుడు మా ఏట్లో మిషను పెట్టారంట. నీళ్ళ లెక్క ఫోనుకే వస్తుందంట. ఎవరూ దిగనక్కర్లేదు, ఏ పిల్లనూ పంపనక్కర్లేదు...

చిన్నప్పుడు దాచిన తప్పును ఆ మనిషి ముఖం చూసి చెప్పినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? మాట ఎలా మొదలుపెట్టారో రాయండి. నేను మాత్రం ఇక్కడ రాస్తున్నాను... లక్షుమ్మత్తకు చదవడం రాదు కాబట్టి.