దొరసాని చెయ్యి

పెద్దక్క ఆ పరిశోధనశాల కోతుల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. బోనులు కడగడం, మేత పెట్టడం, కరిచిన చోట మందు రాసుకుని మళ్ళీ పనిలో పడడం ఆమె ఉద్యోగం. కోతులతో ఎంత మెత్తగా ఉంటుందో మనుషులతో అంత పెళుసు. అందులోనూ కళ్ళజోడు డాక్టరంటే ఆమెకు ఒళ్ళుమంట. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లాడు, బోనుల వాసన పడదని మొదటిరోజే ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ఆ గుడ్డ చాటునుంచే తన తల్లి వయసు మనిషిని నువ్వు అన్నాడు.

అతని పరిశోధన కోతి మెదడు మీద. ఒంటి కదలికలను నడిపే భాగంలోకి వెంట్రుకంత తీగ దించి కరెంటు తాకిస్తాడు. మెదడులో ఒక్కో చుక్క ఒక్కో కండరానిదని, మీట నొక్కితే దీపం వెలిగినట్టేనని అతని నమ్మకం. రెప్పపాటు కన్నా తక్కువసేపు తాకించినన్నాళ్ళూ అలాగే కనిపించింది. వేలు అదిరేది, భుజం ఉలిక్కిపడేది, అతను తన మెదడు పటంలో ఆ కండరం పేర ఒక గడి నింపుకునేవాడు.

ఒకరోజు అరసెకను తాకించాడు. ఆ వేళ ప్రయోగాల కుర్చీలో ఉన్నది దొరసాని. మేత పెట్టే మనిషిని కూడా పనిమనిషిలా చూస్తుందని పెద్దక్క ఆ ఆడకోతికి పెట్టిన పేరది. దొరసాని వేళ్ళు ముడిచి, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చి, నోరు తెరిచింది. చేతిని ఎక్కడ పెట్టి మొదలుపెట్టినా తిన్నగా నోటికే. తీగ కాస్త పక్కకు జరిపితే, మొహం మీదికి దెబ్బ వస్తున్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

ఒక కండరానికి గీసుకున్న గడిలో ఒక పనంతా దూరితే అతని పటం ఏం కాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేరం పెద్దక్క మీదికి నెట్టాడు. ఆమెకో అలవాటుంది. కుర్చీలో కూర్చోబెట్టిన కోతి గింజుకోకుండా వేరుశెనగ గింజలు అందిస్తుంది, ఒకసారి మోకాలి దగ్గర, ఒకసారి తలపైన. ఆ గింజలే కోతికి చెయ్యి నోటికి తేవడం నేర్పి పాడుచేశాయని, తన ఆర్నెల్ల పనిని ఆమె బూడిదలో పోసిందని అందరి ముందూ అన్నాడు. కోతిని పనికిరానిదిగా రాసి, ఆమెను కూడా పనిలోంచి తీసెయ్యమని పరిశోధనశాల నడిపే పెద్ద డాక్టరుకు ఉత్తరం పెట్టాడు.

పనికిరాని కోతికి అక్కడ అదృష్టం. భవనం వెనక చెట్లున్న కంచెలోకి వదిలేస్తారు, ముసలిదై చస్తుంది. పనికొచ్చిన కోతికి చివర్లో మత్తు ఎక్కువిచ్చి చంపి, మెదడు తీసి, పల్చగా కోసి, తీగ దిగిన చోటు చూస్తారు. ఖాళీ అయిన ఆ బోనులన్నీ కడిగింది పెద్దక్కే. అందుకే నింద పడైనా సరే, దొరసాని బతుకుతుందని, నోరు మూసుకుని తల వంచుకుందామనే పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది.

కళ్ళజోడు డాక్టరు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, చదువూ సంధ్యా లేనివాళ్ళ చేతికి కోతిని ఇస్తే మోసం తప్ప ఇంకేం వస్తుందన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆమెను మోసగత్తె అన్నవాడు లేడు. నిలువునా మండిపోయింది.

"నిద్రపోయేదానికి ఆటలు గుర్తుంటాయా బాబూ? మత్తిచ్చి చూడండి. అప్పుడూ చెయ్యి నోటికే పోతే, ఆ పని నా గింజలో లేదు, దాని బుర్రలో ఉంది."

మర్నాడు పొద్దున చూశారు. దొరసాని కళ్ళు మూసుకుని, నాలుక వేలాడేసి పడుంది. కరెంటు తాకగానే చెయ్యి నోటికి వచ్చింది, నోరు తెరుచుకుంది. చేతిని వీపు వెనక పెట్టినా, ఒడిలో పెట్టినా అంతే. తొమ్మిదిసార్లకు తొమ్మిదిసార్లూ నోటికే. పెద్ద డాక్టరు కళ్ళజోడువాణ్ణి చెడామడా తిట్టాడు. అక్కడ ఉన్నవి విడివిడి కండరాలు కావు, కోతి బతకడానికి చేసే పనులని ఊడ్చేదానికి తెలిసింది, నీకు తెలియలేదన్నాడు. ఊడ్చేదానికి అన్న మాట కూడా పెద్దక్కకు తియ్యగానే వినిపించింది. గుమ్మం దగ్గర నిలబడి వాడి మొహం మాడిపోవడం కడుపునిండా చూసింది.

పెద్ద డాక్టరు చేతులు తుడుచుకుంటూ, ఇంత విలువైన కోతిని పారెయ్యబోయావా అన్నాడు. తీగ సరిగ్గా ఎక్కడుందో చూడాలి, గురువారం మెదడు తీసెయ్యమన్నాడు.

పెద్దక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నేనే నేర్పానండీ. గింజలతో నేనే నేర్పాను. అది పాడైపోయిన కోతి, వదిలెయ్యండి."

కళ్ళజోడు డాక్టరు ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, మొదటిసారి ఆమెను మీరు అని మర్యాదగా మాట్లాడాడు. "మీరే నిరూపించారు కదండీ."

గురువారం పెద్దక్క సెలవు పెట్టలేదు. పరాయి చేతుల్లో పెడితే అది బెదురుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, దాని తలపైన ఎత్తుగా ఒక గింజ పట్టుకుంది. దొరసాని ఆమె వైపు చూడకుండానే అందుకుని నోట్లో వేసుకుంది. కళ్ళజోడు డాక్టరు సూదితో పక్కనే నిలబడి, ఇంకొకటి ఇవ్వండి, కదలకుండా ఉంటుంది అన్నాడు. ఆమె ఇచ్చింది.