టైరు మీద సుద్దగీత

టైర్ల మామ పోయాడని నాన్న ఫోను పెట్టేసి చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో దాన్ని జాలి అనుకున్నారు. "అవ్వ చెయ్యి ఇరగ్గొట్టినోడికి గూడా ఏడస్తాండాది, ఎంత మెత్తని మనసో," అని మేనత్త మెచ్చుకుంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నన్ను పొగరుబోతు అన్నారు, కాలు నిలవనిది అన్నారు. వాటికి అలవాటు పడ్డాను. ఈ మెప్పు మాత్రం మింగుడు పడలేదు. నేను ఏడ్చింది సిగ్గుతో.

తిరువళ్ళూరులో రైల్వే గేటు పక్కన ఆయన కొట్టు. ఒక కంప్రెసర్, ఒక నీళ్ల తొట్టి, ఆయన చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క. మా తాత కొన్న అంబాసిడర్‌కు మొదటి నుంచీ గాలి పట్టింది ఆయనే. నాన్న ఆయన్ను బావా అనేవాడు, నేను మామా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు.

కారుతో వచ్చిన పుస్తకంలో గాలి ఇరవై నాలుగు పౌండ్లు అని ఉంది. అది ఆ కాలపు టైర్లకు. తర్వాత కొత్తరకం రేడియల్ టైర్లు వేయించాక ఆ లెక్క చాలలేదు. ఎంత పట్టాలో మామ ఎవరినీ అడగలేదు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టి, నేలకు ఆనే చోట అడ్డంగా సుద్దగీత గీసి, గేటు దాటి కొంతదూరం పోయి రమ్మని నాన్నను పంపేవాడు. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. మొత్తం ఒకేలా చెరిగేదాకా కొంచెం దించి, కొంచెం ఎక్కించి చూశాడు. అలా తేలింది: ముందు ఇరవై ఎనిమిది, వెనక ముప్పై. ఎండలో తిరిగొచ్చి, టైర్లు వేడెక్కి ఉండగా గాలి చూడమంటే మాత్రం గాలి కొలిచే గేజి ముట్టేవాడు కాదు. "ఇప్పుడడిగితే అబద్ధం చెప్తాది. రేప్పొద్దున అడుగుదాం," అనేవాడు.

మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏట నేను ఆయనతో వాదం పెట్టుకున్నాను. టైరు పక్క మీద నలభై నాలుగు అని అచ్చేసి ఉంటే ఈ ఇరవై ఎనిమిదేమిటని నిలదీశాను. సుద్దముక్కతో ఇంజనీరింగ్ చేస్తున్నారా మామా, అని కూడా అన్నాను.

"అది పొలిమేర పాపా," అన్నాడాయన. "అంతకు మించి పట్టగూడదని రాసిండేది. పొలిమేరలో పోయి ఎవురన్నా కాపురం పెడతారా?"

కొట్టు ముందున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు మేం తిరుత్తణి కొండ మీది గుడికి వెళ్తాం. ఆ నెల ముందురోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పెట్రోలు బంకుకు పోయి నాలుగు టైర్లకూ నలభై నాలుగు పట్టించాను. మరునాడు నేనే నడిపాను. పక్కన నాన్న, వెనక అవ్వ. దారి పొడుగునా కారు ప్రతి గుంతకూ ఎగిరిపడుతూనే ఉంది. కొండ దిగేటప్పుడు తుంపర మొదలైంది. మలుపులో బ్రేకు తొక్కితే చక్రాలు నేలను పట్టలేదు. కారు జారి పిట్టగోడకు తగిలింది. అవ్వ మణికట్టు విరిగింది.

గాలి ఎక్కువై జారిందని నాన్నకు అర్థమైంది, ఎవరు పట్టారని మాత్రం నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాడు. అవ్వకు కట్టు వేయించి, తిరువళ్ళూరు రాగానే నేరుగా కొట్టుకు పోయి నలుగురిలో ఆయన్ను దులిపేశాడు. నేను కారు పక్కనే ఉన్నాను. మామ వంగి ముందు టైరుకు గేజి పెట్టాడు, చూశాడు, తలెత్తి నన్ను చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"పొరబాటయిపోయింది బావా," అన్నాడు. "గేజి సరిగ్గా చూసుకోలా."

ఆ తర్వాత మా ఇంటివాళ్లెవరూ ఆ కొట్టు మెట్టు ఎక్కలేదు. మేం మానేశామని తెలిసి ఇంకొందరు మానేశారు. నిజం చెప్పడానికి నాకు రెండేళ్లు దొరికాయి. రోజూ రైలుకు ఆ గేటు మీదుగానే పోయేదాన్ని. ఒకరోజు ఆయనే చెయ్యెత్తి నా స్కూటీని ఆపాడు. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. "వెనక టైరు మెత్తబడిండాది పాపా, అట్నే పోతే దెబ్బ తింటాది," అని గాలి పట్టాడు. అలవాటుగా చెవి వెనక సుద్ద తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. సరి మామా, అని వెళ్ళిపోయాను.

ఈ పొద్దున ఎండ రాకముందే షెడ్డులో కాలిపంపుతో గాలి ఇరవై ఎనిమిదికి, ముప్పైకి తెచ్చాను. ముందు టైరు మీద సుద్దగీత గీసి గేటు దాకా నడిపాను. మూసిన కొట్టు ముందు దిగి చూశాను. గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకేలా చెరిగిపోయింది.

ఆదివారం ఆయన పదహారో రోజు కర్మ. నాన్ననూ అవ్వనూ ఈ కారులోనే తీసుకుపోతాను. ఆనాడు ఆ గాలి పట్టించింది నేనేనని ఆయన ఇంటి వాకిట్లో, అందరూ వింటుండగా చెప్తాను.