సుడో కొట్టిన రోజు

అమీర్‌పేట కోచింగ్‌లో లినక్స్ అంటే జిరాక్స్ మెటీరియల్ బట్టీ పట్టడమే. అందులో ప్రతి కమాండ్ ముందూ ‘సుడో’ ఉండేది. ఎందుకని అడిగితే సారు, "అది పెడితే అన్నీ పనిచేస్తయి, రాసుకోండ్రి" అనేవారు. సుడో అంటే ఈ కంప్యూటర్‌కి యజమానిని నేనే అని చెప్పుకోవడమని మాకెవరూ చెప్పలేదు. ఏ పూజకైనా ముందు వినాయకుణ్ణి తలచుకున్నట్టు, ఏం టైపు చేసినా ముందు సుడో కొట్టేదాన్ని.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చేస్తూ యూనివర్సిటీ ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ పని సంపాదించాను. మొదటి రోజే, అందరూ వాడుకునే సర్వర్‌లో అలవాటుగా సుడో కొట్టాను. నల్లటి తెర మీద జవాబు వచ్చింది: మీకు ఆ హక్కు లేదు, ఈ సంఘటన రిపోర్ట్ చేయబడుతుంది.

ఎవరికి రిపోర్ట్? ఈ దేశంలో చెత్త వేరే డబ్బాలో వేస్తేనే పక్కింటావిడ వచ్చి తలుపు కొడుతుంది, సర్వర్ ఊరుకుంటుందా? వచ్చే వారమే వీసా పొడిగింపుకి నా టెర్మిన్, అంటే వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్. అక్కడి ఆఫీసరుకి ఈ సంగతి తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారు.

రూమ్మేట్ అక్కది వరంగల్, నాకంటే సీనియర్. ఇంటికెళ్ళి ఆమెను అడిగాను.

"అక్కా, ఆ రిపోర్ట్ ఎవరికి వెళ్తుంది?"

"ఏమోనే, నేనైతే గట్ల ఎన్నడు చూడలే. నీ టెర్మిన్ అయ్యేదాంక ఏం ముట్టుకోకు."

ధైర్యం చెబుతుందనుకుంటే ఉన్న కాస్త ప్రాణమూ తీసింది. కొత్తవాళ్ళకి లినక్స్ నేర్పే వీడియోలు, వెబ్ పేజీలు వెతికాను. అన్నీ ఏం కొట్టాలో చెప్పేవే, కొట్టాక భయమేస్తే ఏం చేయాలో ఒక్కటీ చెప్పలేదు. ల్యాబ్‌లో తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేదాన్ని. కమాండ్ కొట్టాల్సిన పనులన్నీ రేపటికి వాయిదా వేసేదాన్ని.

టెర్మిన్‌లో ఆఫీసరు కాగితాలు చూసి వీసా పొడిగించింది, సర్వర్ ఊసే ఎత్తలేదు. అయినా నా భయం పోలేదు. పని ముందుకు సాగడం లేదని ల్యాబ్ ప్రొఫెసర్ మర్యాదగానే నన్ను ఉద్యోగం మాన్పించారు. రిపోర్ట్ ఎవరికి వెళ్ళిందో అడిగే ధైర్యం ఆ రోజూ లేకపోయింది.

ఇప్పుడు బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటున్నాను. ఆ రిపోర్టులు మెయిల్‌లో వచ్చేది నాకే. చాలావరకు తెరవకుండానే చెరిపేస్తాను. మొన్న ఒకటి మాత్రం హైదరాబాద్ నుంచి కొత్తగా చేరిన అమ్మాయి పేరుతో వచ్చింది. లేచి ఆమె సీటు దగ్గరికి వెళ్ళాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తోంది.

"వీసాకేం కాదు కదక్కా?" అంది.

"ఏం కాదమ్మా. అది వచ్చేది నాకే."

నమ్మలేదు. మళ్ళీ కొట్టమన్నాను. భయపడుతూనే కొట్టింది. నా చేతిలో ఫోన్ మోగింది, ఆ మెయిల్ తెరిచి చూపించాను. ఇంకోసారి కొట్టి చూడొచ్చా అని అడిగింది.